వెంకటేశం దాచిన సంగతి

"కన్యాశుల్కం" చదివినవారికి గిరీశం గొప్పలు జ్ఞాపకముంటాయి. మధురవాణి చమత్కారం జ్ఞాపకముంటుంది. లుబ్ధావధాన్లు పిసినారితనం జ్ఞాపకముంటుంది. వెంకటేశం పరీక్ష తప్పినాడన్న సంగతి మాత్రం ఎవరైనా ఎత్తి చెబితే గాని స్ఫురించదు. తరగతిలో ఈ నాటకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థులను నేను మొదట అడిగే ప్రశ్న అదే. గిరీశం కృష్ణరాయపురం అగ్రహారంలో అడుగు పెట్టడానికి కారణమేమి? పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకొన్నాడనీ, మధురవాణి యింట అతని కాలు నిలువలేదనీ, అప్పులవాళ్ళు వెంటబడినారనీ పిల్లలు చెబుతారు. అవన్నీ అతడు విజయనగరం విడిచిపోవడానికి కారణాలు. అగ్నిహోత్రావధాన్లు గుమ్మం ఎక్కడానికి కారణం వేరు. ఆ యింటి కుర్రవాడు పరీక్ష పోగొట్టుకొని, ఆ మాట తండ్రికి చెప్పడానికి నోరురాక గజగజలాడుతున్నాడు. గిరీశానికి ఆ భయమే గుమ్మం తలుపు తెరచి పెట్టింది.

తరువాతి దృశ్యం తెలుగు నాటకరంగం మీద ఎన్నిసార్లు నవ్వు పుట్టించిందో లెక్కలేదు. సెలవులకు ఇల్లు చేరిన కొడుకును చూచి వెంకమ్మ పొంగిపోతుంది. పట్నంలో చదువుకొన్న బిడ్డ దొరల భాష మాట్లాడగా విని చెవులు చల్లబరచుకోవాలని ఆమె కోరిక. గురువూ శిష్యుడూ వెంటనే సంభాషణకు దిగుతారు. పిల్లల పాట ఒక చరణం, క్షేత్రగణితంలో ఒక సిద్ధాంతం, వ్యాకరణంలో బహువచన సూత్రం, పాఠ్యపుస్తకంలోని పద్యం ముక్క, ఏది నోటికి వస్తే అది ఒకరి తరువాత ఒకరు వప్పజెప్పుకొంటారు. తండ్రి అర్థమడిగితే, సెలవుల్లో కాలం వృథా కాకుండా ఎట్లా చదువుకోవాలో ఆలోచిస్తున్నామంటాడు గిరీశం. మేనమామ కరటకశాస్త్రి ఒక్కడికే అనుమానం తగులుతుంది. ఇంగ్లీషు తనకు రాదు కనుక తెలుగు పద్యం చదవమంటాడు. కుర్రవాడు పద్యం చదువుతాడు గాని అర్థమడిగేసరికి దిక్కులు చూస్తాడు. అక్కడ కూడ గిరీశమే అడ్డం వచ్చి గట్టెక్కిస్తాడు.

మనం నవ్వుతాము. అయితే ఆ దృశ్యంలో నవ్వని మనిషి ఒక్కడున్నాడు. అతడు వెంకటేశం. ప్రతి వాక్యానికీ వాడి ప్రాణం గొంతులోకి వస్తూ ఉంటుంది. తల్లి ముఖంలోని సంతోషమూ, తండ్రి చేతిలోని దెబ్బా రెండూ వాడికి తెలుసు. ఆ యింట్లో పరీక్ష తప్పడానికి చోటున్నది, తప్పినానని చెప్పడానికి చోటు లేదు. చదువుకు డబ్బు తగలేస్తున్నానని సణిగే తండ్రి ముందు, కొడుకు ఏనాటికైనా గొప్ప ఉద్యోగం చేస్తాడని కలలు కనే తల్లి ముందు, ఆ పసివాడు నిలబడి నిజం పలుకగల జాగా అంగుళమైనా కనబడదు. అటువంటి యింట్లోనే గిరీశానికి బస దొరుకుతుంది.

గురజాడ అప్పారావుగారు ఈ నాటకంలో కన్యాశుల్కాన్ని ఎండగట్టినారనీ, సంఘసంస్కర్తల వేషాలను ఎండగట్టినారనీ విమర్శకులు వ్రాసినారు. అది నిజమే. దానితోబాటు మరొక సంగతి కూడ చూపించినారని నా మనవి. దాచిన తప్పు ఎన్నడూ ఒంటరిగా ఉండదు. దానికి ఒక కాపలాదారు కావలసివస్తాడు. ఆ కాపలాదారే కాలక్రమాన యజమాని అవుతాడు. కుర్రవాడి రహస్యం గుప్పిట్లో పెట్టుకొన్నవాడు ఆ యింటి అన్నం తిన్నాడు, ఆ యింటి మర్యాద లందుకొన్నాడు, చివరకు ఆ యింటి వితంతువైన ఆడపడుచు బుచ్చమ్మను లేవదీసుకొని పోయినాడు. తండ్రీకొడుకుల నడుమ ఒక్క నిజమైన మాట జరిగియుంటే ఈ కథ మరొక దారి పట్టేది. (అట్లయితే బుచ్చమ్మ ఆ యింట్లోనే ముసలిదై పోయేది గదా, చివరకు సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే యోగం కలిగేది కాదు గదా అని ఎవరైనా అడుగవచ్చు. అడుగవలసిందే. గురజాడవారి నాటకంలో ఏ దారమూ ఒంటరిగా లాగితే రాదు.)

ఒక సంవత్సరం ఈ మాటే చెబుతూ ఉండగా వెనుక బల్ల మీది విద్యార్థి లేచి, "వెంకటేశం వాళ్ళ నాయనకు నిజం చెప్పేస్తే ఏమయ్యేది సార్?" అన్నాడు. "మనకు ఈ నాటకం ఉండేది కాదు" అన్నాను. "నాటకం లేకున్నా ఫరవాలేదు సార్, వాణ్ణి కొట్టకుంటే చాలు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. వాడు నవ్వలేదు. విమర్శగ్రంథాలలో నాకు ఎక్కడా దొరకని వ్యాఖ్య అది.

కన్యాశుల్కం తొలిసారి విజయనగరంలో ప్రదర్శింపబడినది 1892లో. ఆనాడు ఊరికి నలుగురు ఇంగ్లీషు చదువు చదివితే గొప్ప. ఈనాడు చదువుకోని పిల్లవాణ్ణి వెదకి పట్టుకోవాలి. అగ్నిహోత్రావధాన్లవంటి కర్కోటక పితలు తగ్గినారు. బెత్తం చాలవరకు అటకెక్కింది. తప్పు కనబడితే పరువు పోతుందన్న భయం మాత్రం అటకెక్కలేదు. పైగా ఇదివరకు అది ఒక ఊరి ముందు పరువు. ఇప్పుడు చేతిలోని ఫోను పుణ్యమా అని దేశదేశాల బంధువర్గం ముందు పరువు. పిల్లవాడి మార్కుల పట్టిక వాడి చేతికి అందకముందే అమెరికాలోని పెదనాన్నగారికి చేరుతున్నది.

తప్పు దాచడంలో తల్లిదండ్రుల భయానికి ఎంత వాటా ఉన్నదో, మా ఉపాధ్యాయవర్గం భయానికీ అంత వాటా ఉన్నది. ఇందుకు గాంధీజీ ఆత్మకథలోనే ఒక సాక్ష్యమున్నది. ఆ గ్రంథం 1925 నుండి "నవజీవన్" పత్రికలో వారం వారం వెలువడింది. తెలుగువారు దానిని "సత్యశోధన" పేరిట చదువుకొన్నారు. రాజకోట హైస్కూలులో ఆయన మొదటి సంవత్సరం చదువుతుండగా జైల్స్ అనే ఇన్‌స్పెక్టరు పరీక్షకు వచ్చినాడు. అయిదు ఇంగ్లీషు మాటలు చెప్పి వర్ణక్రమం వ్రాయమన్నాడు. అందులో "కెటిల్" అన్న మాటను బాలుడైన మోహనదాసు తప్పు వ్రాసినాడు. పక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడు బూటు కొనతో పొడిచి సూచించినాడు. బాలునికి ఆ సూచన అర్థమే కాలేదు. ఉపాధ్యాయుడు అక్కడ నిలిచియున్నది కాపీ కొట్టకుండా చూడడానికని వాని నమ్మకం. తక్కిన పిల్లలందరి పలకల మీదా అయిదు మాటలూ సరిగా ఉన్నాయి. తప్పు వ్రాసినవాడు ఒక్కడే మిగిలినాడు. తరువాత ఉపాధ్యాయుడు వాని మందబుద్ధిని గురించి నచ్చజెప్పబోయినాడు గాని ఫలితం లేకపోయింది.

ఈ ఘట్టాన్ని మనం పిల్లలకు గాంధీజీ సత్యనిష్ఠకు దృష్టాంతంగా చెబుతాము. ఎందరు ఉపాధ్యాయులు ఆ బూటు వైపు నుండి దీనిని చదివినారు? ఆ ఉపాధ్యాయుడు దుర్మార్గుడు కాడు. దొర ఎదుట తన తరగతి నిర్దుష్టంగా కనబడకపోతే తన ఉద్యోగానికి మాట వస్తుందన్న బెదురు అతనిది. ఆ బెదురు జైల్స్ దొరతో పోలేదు. తనిఖీ రోజున చురుకైన పిల్లలను ముందు బల్లల మీద కూర్చోబెట్టడం, అడుగబోయే ప్రశ్నలకు ముందే జవాబులు వల్లె వేయించడం, చదువురాని పిల్లవాణ్ణి ఆ రోజుకు ఇంటి దగ్గర ఉండమనడం, ఇవి ఎరుగని బడి అరుదు. ఇప్పుడు తనిఖీ స్థానంలో నూటికి నూరు శాతం ఫలితాలు వచ్చి కూర్చున్నవి. పై అధికారి ప్రధానోపాధ్యాయుణ్ణి అడుగుతాడు, ప్రధానోపాధ్యాయుడు ఉపాధ్యాయుణ్ణి అడుగుతాడు, ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి అడుగుతాడు. అందరికంటె చిన్నవాడు పిల్లవాడు. వాడు ఎవరిని అడుగాలి?

మా మల్కాజ్‌గిరిలో వేసవి వచ్చిందని మామిడిపండ్ల బండ్లు చెప్పవు, ఫ్లెక్సీలు చెబుతాయి. రైల్వే స్టేషను దారిలో, మిర్జాలగూడ మలుపులో, ఆనంద్‌బాగ్ చౌరస్తాలో, కరెంటు స్తంభాలకు అడ్డంగా పిల్లల ముఖాలు వ్రేలాడుతాయి. ప్రతి ముఖం కింద ఒక అంకె. ఒక్కొక్కప్పుడు అంకె ముఖం కంటె పెద్దదిగా ఉంటుంది. అవి సంతోషపడవలసిన ముఖాలే; ఆ పిల్లలు రేయింబవళ్ళు శ్రమించినవారే. వారిని నేను తప్పు పట్టను. అయితే ఒక తరగతిలో అరువదిమంది ఉంటే ఫ్లెక్సీ మీద ఇద్దరుంటారు. తక్కిన ఏబది ఎనిమిదిమంది ఆ దారినే పాలకు పోవాలి, కూరలకు పోవాలి. ఇక్కడి కాపురాలు ఎక్కువగా రైల్వే ఉద్యోగులవి, సైన్యం నుండి విరమించినవారివి, ఊళ్ళనుండి పిల్లల చదువు కోసమే వచ్చి చిన్న వాటాలలో సర్దుకొన్నవారివి. చదువు కోసం ఊరు వదలి వచ్చిన యింట్లో ఫెయిల్ అన్న మాట ఎంత బరువో చెప్పనక్కరలేదు. ఫలితాలు వచ్చిన సాయంత్రం మెట్ల మీద ఎదురైన పక్కవాటా ఆమె "ఎన్ని వచ్చినయి బిడ్డా?" అని అడుగుతుంది. ఆమెకు కీడు తలంపు లేదు. కాని ఆ ప్రశ్నకు భయపడి వారం రోజులు మెట్లు దిగని పిల్లలను నేను ఎరుగుదును.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినవి. పరీక్ష వ్రాసినవారు తొమ్మిది లక్షలకు మించి ఉన్నారు. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు ప్రకటించినారు. ఆ తరువాతి దినాలలో 20 మందికి పైగా పిల్లలు ఆత్మహత్యల పాలైనారు. ఆ వేసవిలో ఏ అధ్యాపకుడూ సుఖంగా నిద్రపోయి ఉండడు. అంతలోనే మార్కుల పట్టికలలో వింతలు బయటపడసాగినవి. అంతకుముందు సంవత్సరం చాల మంచి మార్కులు తెచ్చుకొన్న ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చింది. తెలుగులో సున్న! జవాబుపత్రం తిరిగి చూడగా ఆమెకు రావలసినవి 99 అని తేలింది. ఒక చేతి పొరపాటు రెండు తొమ్మిదులను రెండు సున్నలు చేసింది. తరువాత ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని వేసింది. తప్పినవారందరి జవాబుపత్రాలను రుసుము లేకుండా పునఃపరిశీలన చేయించింది. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలింది.

ఈ వృత్తాంతంలో నన్ను ఎక్కువగా వెంటాడేది ఆ సున్న కాదు. పొరపాటు ఏ కార్యాలయంలోనైనా జరుగుతుంది. లక్షల పత్రాలు దిద్దేచోట జరుగకుండునా? వెంటాడేది తొలి దినాల నాటి సమాధానం. ఫలితాలలో లోపమేమీ లేదని అధికారులు సమర్థించుకొన్నారు. తల్లిదండ్రులు కార్యాలయం ముందు బైఠాయించిన తరువాత, పత్రికలు పట్టికలను అచ్చు వేసిన తరువాత, ఒక్కొక్కటిగా ఒప్పుకోలు వచ్చింది. అంతటి వ్యవస్థ కూడ తండ్రి ముందు నిలబడిన వెంకటేశంలాగానే వ్యవహరించింది. తేడా ఒక్కటే. వెంకటేశానికి పదునాలుగు పదునైదేండ్లుంటాయి. వాడి తప్పు వాడికే చెరుపు. పెద్దల తప్పు దాగినన్నాళ్ళూ దాని బరువు పిల్లల వీపు మీద ఉంటుంది. "నీకు సున్న వచ్చింది" అని ఆ యంత్రం చెప్పినప్పుడు, "కాదు, నా పత్రం చూపండి" అని నిలబడి అడిగినవారు కొందరున్నారు. సిగ్గుతో గది తలుపు వేసుకొన్నవారు కొందరున్నారు. ఆ రెండవ తెగవారికి సిగ్గు నేర్పినది మనమే గదా!

ఈ పుట చదువుతున్న విద్యార్థులలో ఎవరికైనా మనసు అంత భారంగా ఉంటే, దగ్గరనున్న పెద్దలలో ఒక్కరితోనైనా ఆ మాట చెప్పండి. ఇంట చెప్పలేకపోతే 14416 అన్న సంఖ్యకు ఫోను చేయవచ్చు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ అనే ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడేవారుంటారు. ఇది సాహిత్య పుటలో వ్రాయదగిన మాటేనా అని సందేహించేవారుండవచ్చు. ఇంతకంటె అవసరమైన వాక్యం ఈ వ్యాసంలో మరొకటి లేదు.

దాపరికం ఎంత దూరం పోగలదో భారతం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. కన్నెప్రాయంలో కన్న బిడ్డను లోకానికి వెరచి నీట విడిచిన కుంతి ఆ రహస్యాన్ని యుద్ధం ముగిసేదాక కడుపులో దాచుకొన్నది. తర్పణాలు విడిచేవేళ గాని కర్ణుడు మీ అన్న అని చెప్పలేకపోయింది. అప్పటికి చంపినవాడు తమ్ముడు, చచ్చినవాడు అన్న. ఆ తల్లిని ఇతిహాసం నిందించలేదు. ఆమె భయాన్ని దాచనూ లేదు. ధర్మరాజు ద్రోణునితో పలికిన కపటపు మాటనూ దాచలేదు. అప్పటిదాక నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలను తాకిందని చెప్పింది. మహాపురుషుల కథను మచ్చలతోసహా చెప్పడం మన పూర్వులకు కొత్త కాదు. మచ్చలు తుడిచి చెప్పడమే మనం ఈ మధ్య నేర్చుకొన్న విద్య.

నేను బోధించే శాస్త్రంలోనే ఈ తగవు ఒకటి ఉన్నది. 11వ శతాబ్ది కాశ్మీర పండితుడు మమ్మటుడు "కావ్యప్రకాశం"లో కావ్యానికి లక్షణం చెబుతూ శబ్దార్థాలు దోషరహితంగా ఉండాలన్నాడు. నిర్దుష్టత ఆయన విధించిన మొట్టమొదటి షరతు. సుమారు మూడు వందల యేండ్ల తరువాత కళింగదేశపు విశ్వనాథుడు "సాహిత్యదర్పణం"లో దానికి అభ్యంతరం లేవదీసినాడు. బొత్తిగా దోషమే లేనిదానిని కావ్యమనవలసివస్తే లోకంలో కావ్యమన్నది దొరకడం అరుదవుతుంది, అసలు దొరకకనే పోవచ్చు నన్నాడు. పురుగు తొలిచిన రత్నం విలువలో తగ్గవచ్చు. రత్నం కాకుండా మాత్రం పోదన్నాడు. దోషం తారతమ్యాన్ని నిర్ణయిస్తుందే గాని స్వరూపాన్ని నిర్ణయించదని ఆయన వాదం. ఎం.ఏ. విద్యార్థులు ఈ వాదాన్ని పది మార్కుల ప్రశ్నకు జవాబుగా కంఠస్థం చేస్తారు. ఆ పది మార్కులలో నాలుగే వస్తే తాము మనుషులమే కామని కుమిలిపోతారు! విశ్వనాథుణ్ణి వల్లె వేసి మమ్మటుని నిబంధన కింద బ్రతకడమన్న మాట.

విశ్వనాథుని వంటి పండితుల మాట అట్లా ఉంచి, తాటాకుల మీద గంటంతో వ్రాసిన సామాన్య లేఖకులను చూడండి. ఆ ప్రతుల చివర లేఖకుడు తన మాటగా ఒకటి రెండు పంక్తులు వ్రాయడం ఆచారం. నడుము, మెడ వంగిపోగా కష్టపడి వ్రాసినాననీ, గ్రంథాన్ని భద్రంగా కాపాడుమనీ కొందరు వేడుకొంటారు. చూచినది చూచినట్లు వ్రాసినాను, తప్పులున్న మన్నించి దిద్దుకొనవలెనని మరికొందరు విన్నవిస్తారు. ఎంత నెమ్మది గలిగిన మాట! తాను తప్పు చేసి ఉంటానని ముందే ఒప్పుకొని, తరువాతివాని చేతిలో పని పెట్టి పోతున్నాడు. అటువంటి ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూచుకొనే మన ప్రాచీన కావ్యాలకు శుద్ధప్రతులు సిద్ధమైనవి. లేఖకులందరూ తమ ప్రతి నిర్దుష్టమని చాటుకొని, తక్కినవాటిని కాల్చివేసి ఉంటే ఈనాడు మనకు మిగిలేదేమిటి?

ఇక మన పాఠ్యపుస్తకాలలోని కవిపరిచయాల సంగతి. జననం, తలిదండ్రులు, రచనలు, బిరుదులు, మరణం. ఆ అయిదు పంక్తులలో ఏ కవీ ఏనాడూ ఒక మాట కొట్టివేసి మరొక మాట వ్రాసినట్లు కనబడదు. పుట్టుకతోనే బిరుదులు తగిలించుకొని వచ్చినట్లుంటారు. కన్యాశుల్కాన్నే తీసుకొందాము. 1897లో అచ్చయిన మొదటి కూర్పు వేరు, 1909లో వెలువడిన రెండవ కూర్పు వేరు. రెండవదానిలో నాటకం ఎంతగా పెరిగిందంటే దానిని కొత్త నాటకమనవచ్చును. ఈనాడు మనం నెత్తిన పెట్టుకొనే కన్యాశుల్కం ఆ రెండవదే. ఆడి, అచ్చయి, పేరు తెచ్చుకొన్న నాటకాన్ని పన్నెండేండ్ల తరువాత మళ్ళీ బల్ల మీద పెట్టుకొని తిరగవ్రాయడానికి ఎంత నిబ్బరం కావాలి! మొదటిది చాలలేదని తానే లోకానికి చెప్పుకొన్నట్లు గదా? మేలైన పుస్తకం రావడానికి ఒక తక్కువ పుస్తకం అవసరమైంది. ఉపాధ్యాయులు ఈ రెండు కూర్పులలోని ఒకే ఘట్టాన్ని పక్కపక్కన పెట్టి ఒక పీరియడు చదివించి చూడండి. గురజాడవారు స్వయంగా విజయనగరం మహారాజావారి కళాశాలలో పాఠం చెప్పిన అధ్యాపకులే. పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి నాటకంలో ప్రవేశపెట్టి, వాని మీద ఒక్క నీతివాక్యమైనా గుప్పించని అధ్యాపకుడు ఆయన.

తప్పులను దాచవద్దంటే తప్పులను చాటింపు వేసుకొమ్మని అర్థం కాదు. ఈ మధ్య అది కూడ ఒక వేడుక అయింది. ఫోనులో తమ లోపాలను తామే చక్కని వెలుతురులో చిత్రించి, నాలుగు కన్నీటి బొట్లు జోడించి, లక్షమంది మెప్పు కోసం ఎదురుచూచేవారు బయలుదేరినారు. అదీ అలంకారమే. మచ్చను కూడ బొట్టుగా దిద్దుకోవడం. గిరీశం ఈ కాలంలో పుట్టి ఉంటే మొదట చేసేది అదే ననిపిస్తుంది. నేను చెప్పేది అంత గొప్ప సంగతి కాదు. తప్పును తెలిసినవారి ముందు, దిద్దగలవారి ముందు, నలిగిన కాగితంతోసహా బల్ల మీద పెట్టగలగడం. అందుకు ఒక గురువు చాలును, ఒక తండ్రి చాలును, లక్షమంది అక్కరలేదు.

దిద్దిన జవాబుపత్రాన్ని చూచుకొనే హక్కు విద్యార్థికి ఉన్నదని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు చెప్పింది. అది సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని తేల్చింది. మన ఇంటర్మీడియట్ బోర్డు కూడ రుసుము కట్టినవారికి జవాబుపత్రం నకలు ఇస్తుంది. అయితే ఆ నకలును ఎందుకు తెప్పించుకొంటున్నారో గమనించండి. రెండు మార్కులు కలుస్తాయేమో అన్న ఆశతో. మార్కులు కలవకపోతే ఆ నకలు బీరువాలోకి పోతుంది, లేదా చెత్తబుట్టలోకి పోతుంది. ఎక్కడ తప్పినామో చూచుకొనేవారు తక్కువ. ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టిన తన దస్తూరిని మళ్ళీ చూచుకోవడం ఎవరికైనా కష్టమే.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక విద్యార్థిని తండ్రితోసహా మా యింటికి వచ్చింది. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్లున్నాడు. పునఃపరిశీలనలో ఒక్క మార్కు కూడ పెరగలేదు. ఆ పిల్ల నకలు కాగితాలను బల్ల మీద పెట్టి ముఖం పక్కకు తిప్పుకొన్నది. తండ్రి మాత్రం వాటిని ముందుకు జరిపి, "ఎక్కడ తప్పిందో మాకు చూపెట్టండి సార్" అన్నాడు. పుట పుట చదివినాము. ప్రతిపదార్థంలో రెండు మాటలు వదలివేసింది. ఒక వ్యాసప్రశ్నకు అడిగినది ఒకటి, వ్రాసినది మరొకటి. "మహోన్నత" అన్న మాటకు సంధి పేరు అడిగితే సవర్ణదీర్ఘమని వ్రాసింది. ఆ పిల్ల మెల్లగా తల ఇటు తిప్పి, "మరి అది ఏమి సంధి సార్?" అన్నది. నేను జవాబు చెప్పేలోపల తండ్రి నవ్వి, "నాక్కూడ తెల్వదు బిడ్డా, సార్‌నే అడుగుదాం" అని కుర్చీ దగ్గరకు లాక్కొన్నాడు. మహా, ఉన్నత అని విడదీసి, ఆకారానికి ఉకారం పరమైతే ఓకారం వస్తుందనీ, దానిని గుణసంధి అంటారనీ చెప్పి మరి నాలుగు మాటలు విడదీయమన్నాను. మూడు ఆ పిల్ల విడదీసింది. ఒకటి తండ్రి విడదీసినాడు, తప్పుగా. కూతురు దిద్దింది.